అనిబిసెంట్ చర్చిని ఎందుకు విడిచారు?

చెన్నైలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు బీసెంట్ నగర్ అంటే గుర్తొచ్చేవి ఎలియట్స్ బీచ్, అష్టలక్ష్మి గుడి, వేళాంగణ్ణి మాత చర్చి. ఏటా ఆగస్టు 29న అక్కడ జెండా ఎక్కిన దగ్గర్నుంచి సెప్టెంబరు 8 దాకా ఆ వీధుల్లో కాలు పెట్టే సందుండదు. క్రైస్తవులే కాదు, మొక్కులున్న హిందువులు కూడా నడిచి వస్తారు. అంతమంది మేరీమాత దగ్గరకు వచ్చే ఆ పేటకు పెట్టిన పేరు ఎవరిదంటే, పాతికేళ్ల వయసులో చర్చి వద్దనుకుని ఇల్లు విడిచిన ఒక ఇంగ్లీషు పాస్టరు భార్యది.

విజయవాడలో బీసెంట్ రోడ్డు, మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ఉన్నాయి. హోం రూల్ ఉద్యమం గురించి, 1917లో కలకత్తా కాంగ్రెసు అధ్యక్ష పదవి గురించి స్కూలు పాఠాల్లోనే చదువుకున్నాం. ఈసారి మేము చెప్పబోయేది అంతకు ముందు సంగతి. మన ఇళ్లలో కూడా ఎవరైనా ఇకమీదట ఆదివారం చర్చికి రానన్నా, పూజలో కూర్చోనన్నా పెద్దవాళ్ల దగ్గర మూడు కారణాలు తయారుగా ఉంటాయి. చదువు ఎక్కువైంది, పొగరు పెరిగింది, సావాసం చెడింది. అనిబిసెంట్ గురించి కూడా ఆ రోజుల్లో ఈ మూడూ అన్నారు. ఆమె జీవితం చూస్తే మొదటి కారణం అసలు వేరు. అది ఒక పసిబిడ్డ దగ్గు.

అనీ వుడ్ 1847 అక్టోబరు 1న లండన్‌లో పుట్టారు. అయిదేళ్లకే తండ్రి పోయారు. తల్లి ఎమిలీ చేతిలో డబ్బు లేదు. కొడుకును హారో స్కూల్లో చదివించాలన్న పట్టుదలతో ఆ ఊళ్లోనే ఇల్లు తీసుకుని, స్కూలు పిల్లలకు బస, భోజనం పెట్టి సంసారం ఈదుకొచ్చారు. అనీని ఎలెన్ మారియట్ అనే పెద్దావిడ తన దగ్గర ఉంచుకుని చదివించారు. ఆవిడ గొప్ప టీచరు, గట్టి భక్తురాలు. ఆ ఇంట్లో బైబిలు అధ్యాయాలకు అధ్యాయాలు కంఠతా పట్టడం రోజూ ఉండే పని. ఆ పిల్ల కూడా మామూలు భక్తురాలు కాదు. హతసాక్షుల కథలు చదివి, ఆ రోజుల్లో పుట్టి ఉంటే తాను కూడా క్రీస్తు కోసం సింహాల ముందు నిలబడేదాన్ని కదా అని కలలు కనేది. పదహారు, పదిహేడేళ్లకే ఉపవాసాలు చేస్తూ, తొలినాటి సంఘ పితరుల రచనలు చదివేది.

1866 శ్రమల వారంలో ఒక చిన్న సంగతి జరిగింది. ఆ వారమంతా ప్రభువు అడుగుజాడల్లో మనసు నిలపాలని, మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తల్లో ఆ రోజుల గురించి ఉన్నదాన్ని ఆమె కాగితం మీద పక్కపక్కన నాలుగు వరసలుగా రాసుకుంది. రాస్తుంటే ఒకచోట ఉన్నది మరోచోట కుదరడం లేదు. భయపడింది. ఇది సైతాను శోధన అనుకుని, తనకు తానే శిక్ష వేసుకుని, ఉపవాసం ఉండి, ఆ అనుమానాన్ని లోపలికి తొక్కేసింది. తప్పులు వెతకాలని మొదలుపెట్టిన పని కాదది, భక్తితో మొదలుపెట్టింది. ఈ మాట మేము ఎందుకు చెబుతున్నామంటే, విశ్వాసం విడిచినవాళ్లు మొదటినుంచీ దానికి దూరమే అనుకోవడం మనకు అలవాటు.

ఆ రోజుల్లోనే ఫ్రాంక్ బీసెంట్ అనే యువకుడు పరిచయమయ్యారు. గణితం చెప్పే మాస్టరు, చర్చిలో డీకన్. పాస్టరు భార్యగా ఉంటే పేదలకు సేవ చేయవచ్చన్నది అనీ ఊహ. 1867 డిసెంబరులో పెళ్లయింది. ఆమెకు ఇరవై ఏళ్లు. ఫ్రాంక్ గారి దృష్టిలో భార్య అంటే మాట వినవలసిన మనిషి. అనీ ఒక చిన్న కథ రాసి పత్రికకు పంపితే ముప్పై షిల్లింగులు వచ్చాయి. మొదటి సంపాదన కదా, దేవుడికి దండం పెట్టుకుని మురిసిపోయారు. అప్పటి చట్టం ప్రకారం భార్య సంపాదన భర్తదే కాబట్టి ఆ డబ్బు ఆయన తీసుకున్నారు. 1869లో కొడుకు డిగ్బీ, 1870లో కూతురు మేబుల్ పుట్టారు.

1871 వసంతంలో మేబుల్‌కు కోరింత దగ్గు పట్టుకుంది. ఏడాది కూడా నిండని పిల్ల. దగ్గు తెర వచ్చినప్పుడల్లా ఊపిరి అందక మొహం నల్లబడేది. పొయ్యి పక్కన గుడారంలాగా గుడ్డలు కట్టి, లోపలికి ఆవిరి పట్టించి, వారాల తరబడి రాత్రింబవళ్లు ఆ తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాక్టరు ఆశ వదిలేశాడు. ఎలాగూ పోయే ప్రాణమే, కాస్త బాధ తగ్గుతుందేమోనని రుమాలు మీద కొద్దిగా క్లోరోఫాం వేసి ముక్కు దగ్గర పెట్టాడు. అది పని చేసింది. పిల్ల బతికింది.

తల్లి మాత్రం కోలుకోలేదు. బిడ్డ గండం గడిచాక మంచం పట్టి, లేచేసరికి ఆమెలో ఒక ప్రశ్న ఉంది. దేవుడు మంచివాడు, సర్వశక్తిమంతుడు అయితే, ఏ పాపం ఎరగని పసిదాన్ని అన్ని వారాలు అలా ఎందుకు పీడించాడు? తండ్రి లేకపోవడం, తల్లి కష్టాలు, తన సంసారంలోని చేదు, అన్నీ ఆ ప్రశ్న వెనక వరసకట్టి నిలబడ్డాయి. కోరింత దగ్గు చూసిన ఇళ్లవాళ్లకు ఈ ప్రశ్న అర్థం కావడానికి వేదాంతం చదవక్కర్లేదు. టీకాలు వచ్చాక మన పిల్లలకు ఆ జబ్బు పేరు కూడా తెలియకుండా పోయింది గానీ, మన అమ్మమ్మలకు తెలుసు.

ఒక్కసారిగా ఆమె ఏదీ వదల్లేదు. మొదట నిత్య నరకం మీద నమ్మకం పోయింది. ఒకరి పాపానికి మరొకరు శిక్ష అనుభవించడం న్యాయమేనా అన్నది తర్వాత వచ్చింది. బైబిలు ప్రతి అక్షరమూ దైవప్రేరితమా అన్నది ఆ తర్వాతది. అటూ ఇటూ ఉన్న పుస్తకాలు రెండూ చదివారు. చర్చిని సమర్థించే పుస్తకాలే తనను ఎక్కువ నిరాశపరిచాయని తర్వాత రాసుకున్నారు. చివరికి మిగిలింది ఒకటే, క్రీస్తు దేవుడా కాదా అన్నది. అది కూడా పోతే పాస్టరు భార్యగా ఉండడానికి వీలుండదని ఆమెకు తెలుసు. అందుకే ఆఖరి ప్రయత్నంగా ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టర్ పూసీ దగ్గరకు వెళ్లారు. ఇంగ్లండు చర్చిలో ఆయన మహా పండితుడు, ఎంతోమందిని విశ్వాసంలో నిలబెట్టినవాడని పేరు.

ఆయన ఆమె అడిగినదాన్ని ప్రశ్నగా తీసుకోలేదు, పాపపు ఒప్పుకోలుగా తీసుకున్నారు. చదివింది చాలని, ఇక చదవవద్దని, ప్రార్థన చేసుకోమని, ఈ అనుమానాలు మరొకరికి అంటించవద్దని హెచ్చరించి పంపేశారు. ఆయనలో చెడు ఉద్దేశం ఉందని మేము అనుకోము. తన ముందు మునిగిపోతున్న ఆత్మ ఉందని ఆయన నమ్మారు. ఆమె మాత్రం చేయి అందుకోవడానికి వెళ్లి మందలింపు తీసుకుని తిరిగొచ్చారు.

అప్పటికి ఫ్రాంక్ లింకన్‌షైర్‌లోని సిబ్సీ అనే పల్లెకు పాస్టరుగా వచ్చారు. ఆ ఉద్యోగం కూడా అనీ తరఫు బంధువు, లార్డ్ చాన్సలర్ హ్యాథర్లీ చలవే. ఊళ్లో కూలీలు జబ్బుపడితే అనీ వెళ్లి సేవ చేసేవారు. చర్చికీ వెళ్లేవారు, పాటలూ ప్రార్థనలూ అయ్యేదాకా ఉండేవారు. ప్రభువు బల్ల వేళకు మాత్రం లేచి బయటికి వచ్చేసేవారు. నమ్మని దాన్ని నోట పెట్టుకోలేనన్నది ఆమె పట్టు. మొదటిసారి అలా లేచి వెళ్లినప్పుడు, అమ్మగారికి ఒంట్లో బాగోలేదేమోనని మర్నాడు ఊరివాళ్లు వరసగా పలకరించడానికి వచ్చారట. పాస్టరుగారి భార్య బల్ల తీసుకోకపోవడానికి జబ్బు తప్ప మరో కారణం ఉంటుందని వాళ్లకు తోచనే లేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆర్గన్ సాధన కోసం చర్చికి వెళ్లి, లోపల తలుపు గడియ వేసుకుని, ఎవరూ లేని బెంచీలకు ఎదురుగా ప్రసంగ వేదిక ఎక్కి మాట్లాడి చూసుకున్నారు. గొంతు గోడలకు తగిలి మోగింది. తర్వాత అరవై ఏళ్లు వేలమందిని కూర్చోబెట్టిన ఆ గొంతును ఆమె మొదట విన్నది తాను విడవబోతున్న చర్చిలోనే.

1873లో క్రీస్తు దైవత్వం మీద ఆమె రాసిన చిన్న పుస్తకం అచ్చయింది. పేరు వేయలేదు, ఒక పాస్టరు భార్య రాసినదని మాత్రం వేశారు. అది చాలు, బంధువుల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ వేసవిలో ఫ్రాంక్ తేల్చి చెప్పారు. అందరితోపాటు బల్ల తీసుకుంటూ ఉంటే ఉండు, లేదా ఇంటికి రావద్దు. లోపల ఏం నమ్ముతావన్నది ఆయన అడగలేదు, పైకి చేస్తావా లేదా అన్నదే అడిగారు. లోకం కోసం ఒక ముద్ద నోట పెట్టుకుంటే పోయేది కదా అని మనలో చాలామందికి అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే మాకూ అనిపించింది. ఆమె ఇల్లు వదిలారు. కూతురు తల్లి దగ్గర, కొడుకు తండ్రి దగ్గర ఉండేలా, కొద్దిపాటి భరణంతో కాగితాలు రాసుకున్నారు.

మరుసటి ఏడు తల్లి ఎమిలీ చావు బతుకుల్లో ఉన్నారు. చివరిసారి ప్రభువు బల్ల తీసుకోవాలని ఆమె కోరిక, అయితే కూతురు పక్కన కూర్చుని తనతోపాటు తీసుకుంటేనే. కూతురు లేని మోక్షం తనకు అక్కర్లేదని పట్టుబట్టారు. అనీ ఇద్దరు పాస్టర్లను అడిగితే, నమ్మనివాళ్లకు ఇవ్వమని కాదన్నారు. మూడో ప్రయత్నంగా వెస్ట్‌మినిస్టర్ డీన్ స్టాన్లీ దగ్గరకు వెళ్లి, తాను నమ్మడం లేదన్న సంగతి దాచకుండా చెప్పి అడిగారు. రాణికి దగ్గరివాడు, దేశంలో పేరున్న చర్చికి అధిపతి. ఆయన ఒప్పుకున్నారు. ఇంటికి వచ్చి, ఆ తల్లి మంచం పక్కన కూర్చుని ఇద్దరికీ ఇచ్చారు. ఈ సంస్కారం మనుషుల్ని కలపడానికే గాని విడదీయడానికి కాదన్నది ఆయన వాదం. తల్లి ఆ కొద్ది రోజులకే, 1874 మేలో పోయారు.

భర్త ముందు తీసుకోనన్నది తల్లి ముందు తీసుకున్నారేమని అడిగితే, అక్కడ అడిగింది వేరు, ఇక్కడ అడిగింది వేరు అని మాత్రం చెప్పగలం. పూసీ, స్టాన్లీ ఇద్దరిదీ ఒకే చర్చి, చేతిలో ఒకటే బైబిలు. స్టాన్లీ మంచితనం వల్ల అనీ మళ్లీ విశ్వాసంలోకి రాలేదు, అప్పటికి ఆలస్యమైపోయింది. కానీ ఆయన్ను మాత్రం జీవితాంతం కృతజ్ఞతతో తలుచుకున్నారు.

అదే ఏడు ఆమె చార్లెస్ బ్రాడ్లా నడిపే నేషనల్ సెక్యులర్ సొసైటీలో చేరి నాస్తికురాలినని ప్రకటించుకున్నారు. బ్రాడ్లా కథా ఇలాంటిదే. కుర్రతనంలో సండే స్కూలు చెబుతూ, సువార్తలు ఒకదానితో ఒకటి కుదరడం లేదేమని పాస్టరుగారిని అడిగాడు. ఆయన జవాబివ్వకుండా కుర్రాడు నాస్తికుడైపోయాడని తండ్రికి ఉత్తరం రాశారు. ఇల్లు విడవాల్సి వచ్చింది. అడిగిన పిల్లవాడికి ఆ రోజు ఒక జవాబు దొరికి ఉంటే ఏమయ్యేదో!

1877లో ఆ ఇద్దరూ కుటుంబ నియంత్రణ మీద ఒక పాత పుస్తకాన్ని తిరిగి అచ్చువేసి కోర్టుకెక్కారు. ఆరు నెలల జైలు శిక్ష పడింది. అప్పీలులో సాంకేతిక కారణంతో కొట్టేశారు. జైలు తప్పింది కానీ కూతురు తప్పలేదు. తల్లి నాస్తికురాలు, అలాంటి పుస్తకం వేసింది, పిల్లకు మతబోధ చేయించడం లేదు, కాబట్టి బిడ్డను నాకప్పగించండని ఫ్రాంక్ కోర్టుకు వెళ్లారు. 1878 మేలో న్యాయమూర్తి సర్ జార్జ్ జెస్సెల్ పిల్లను తండ్రికి అప్పగించమన్నారు. ఆ న్యాయమూర్తి క్రైస్తవుడు కూడా కాదు, యూదుడు. దేవుణ్ణి నమ్మని తల్లి దగ్గర ఆడపిల్ల పెరగకూడదన్నది ఆ కాలపు పెద్దమనుషులందరి మాట. కోరింత దగ్గు నుంచి తాను బతికించుకున్న బిడ్డను, ఎనిమిదేళ్లు నిండకముందే, ఏ దగ్గు వల్ల మొలిచిన ప్రశ్నకో ఆ ప్రశ్న కారణంగానే పోగొట్టుకున్నారు. ఆ దెబ్బకు తీవ్రంగా జబ్బు పడ్డారు. అప్పుడప్పుడు చూడడానికి అనుమతి ఉన్నా, ప్రతిసారీ పిల్లలు నలిగిపోతున్నారని ఆ చూడడం కూడా మానుకున్నారు. పెద్దయ్యాక డిగ్బీ, మేబుల్ ఇద్దరూ వాళ్లంతట వాళ్లే తల్లి దగ్గరకు వచ్చారు.

సరిగ్గా ఆ 1878లోనే మన తెలుగు నేల మీద జరిగినది కూడా ఇక్కడ చెప్పాలి. ధాత కరువు తర్వాత, జులై 3న, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు పని ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. మద్రాసు నుంచి బొంబాయి దాకా స్థిరపడ్డ తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఆ రోజుల్ని ముత్తాతల నాటి సంగతిగా తలుచుకునేవాళ్లు ఉంటారు. లండన్‌లో ఒక తల్లికి చర్చి తలుపు మూసుకున్న ఏడాదే, ఊరి బావి దగ్గరకు కూడా రానివ్వని మనుషులకు ఇక్కడ అదే మతం తలుపు తెరిచింది. అనిబిసెంట్ కాదనుకున్నది వెల్లంపల్లి క్రైస్తవాన్ని కాదు. ఆమెకు తెలిసిన క్రైస్తవం అధికారంలో ఉన్నది, కోర్టు తోడున్నది.

నాస్తికత్వంలోనూ ఆమె నిలిచిపోలేదు. 1888లో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల సమ్మెకు అండగా నిలిచారు. మరుసటి ఏడు మేడమ్ బ్లావట్‌స్కీ పుస్తకానికి సమీక్ష రాయబోయి, దివ్యజ్ఞాన సమాజంలో చేరిపోయారు. నాస్తిక మిత్రులు నిర్ఘాంతపోయారు. 1893 నవంబరులో ఇండియాకు వచ్చారు, 1907లో అడయార్ దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షులయ్యారు. 1901లో క్రైస్తవంలోని మార్మిక బోధ మీద ఆదరంగా ఒక పుస్తకమే రాశారు. క్రీస్తు మీద ఆమెకు కోపం ఎప్పుడూ లేదు.

ఇంతవరకూ చదివినవాళ్లకు ఆమె మీద జాలి, గౌరవం కలుగుతాయి. మాకూ కలిగాయి. అయితే తర్వాతి కథ మన తెలుగింటిది. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య గారు రెవెన్యూ శాఖలో రిటైరై, భార్యను పోగొట్టుకుని, 1909లో కొడుకులతో అడయార్ వచ్చి సమాజంలో పనికి కుదిరారు. అడయార్ బీచిలో లెడ్‌బీటర్ కంటపడిన పిల్లవాడు కృష్ణమూర్తి. రాబోయే జగద్గురువు ఇతడేనన్నారు. 1910లో నారాయణయ్య గారు కృష్ణ, నిత్య ఇద్దరి సంరక్షణనూ అనిబిసెంట్‌కు రాసిచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి, పిల్లల్ని దేవుళ్లను చేస్తున్నారని, లెడ్‌బీటర్ దగ్గర ఉంచడం తనకు ఇష్టం లేదని చెప్పి మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. ఆమె తన కేసు తానే వాదించుకున్నారు. 1913లో కోర్టు పిల్లల్ని తండ్రికి అప్పగించమంది. ఆమె లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1914లో గెలిచారు. పిల్లలు అప్పటికే ఇంగ్లండులో ఉన్నారు. కృష్ణమూర్తి తెలుగు మరిచిపోయారు.

మత విషయంలో తన బిడ్డను కోర్టు చేతుల్లో పోగొట్టుకున్న తల్లే, మత విషయంలో మరొకరి బిడ్డల్ని కోర్టులో గెలుచుకున్నారు. పిల్లలకు మంచి జరుగుతుందని ఆమె మనస్ఫూర్తిగా నమ్మారు. ఫ్రాంక్ కూడా మనస్ఫూర్తిగానే నమ్మి ఉంటారు. ఆమె అభిమానులు ఈ భాగాన్ని తొందరగా దాటేస్తారు. నారాయణయ్య గారి వైపు నుంచి చూస్తే అది దాటిపోయే సంగతి కాదు.

1929 ఆగస్టు 3న, హాలెండులోని ఓమన్‌లో, వేలమంది సభ్యుల ముందు, తన కోసం కట్టిన నక్షత్ర సంఘాన్ని కృష్ణమూర్తి రద్దు చేశారు. గురువులూ, సంఘాలూ సత్యానికి దారి చూపలేవన్నారు. ఎనభై రెండో ఏట ఉన్న అనిబిసెంట్ ఆ సభలోనే కూర్చుని విన్నారు. యాభై ఆరేళ్ల కిందట సిబ్సీ చర్చిలో బల్ల దగ్గర్నుంచి ఆమె లేచి వెళ్లిపోయారు. ఈసారి లేచి వెళ్లిపోయింది ఆమె పెంచిన తెలుగు పిల్లవాడు. ఆమె అతన్ని ఏ మాటా అనలేదు, తలుపూ మూయలేదు. 1933 సెప్టెంబరు 20న అడయార్‌లో పోయే దాకా ఆ పిల్లవాడి మీద ప్రేమ తగ్గించుకోలేదు.